యానాం మామ్మగారు, నా ఫ్రెంచ్ బడి

మా చిన్నప్పుడు... అమెరికాలోని ఎడిసన్‌లో ఏ ఇంట్లో పాట్‌లక్ జరిగినా, తలా ఒకటి వండి తెచ్చిన ఆ భోజనాలయ్యాక పిల్లలకు గండం మొదలయ్యేది. బేస్‌మెంట్‌లో వరసగా నిలబెట్టి ఒకరితో కీర్తన, ఒకరితో శ్లోకం, ఒకరితో స్పెల్లింగులు చెప్పించేవారు. నా వంతు రాగానే అమ్మ చున్నీ సర్దుకుని, మా అమ్మాయి ఫ్రెంచ్ చెబుతుందని అందరికీ వినబడేలా ప్రకటించేది...

నేను ఫ్రెంచ్ బడిలో పడటం వెనక పెద్ద ఆలోచనేమీ లేదు. సగం రోజు ఫ్రెంచ్‌లో, సగం రోజు ఇంగ్లిష్‌లో పాఠాలు చెప్పే బడి ఒకటి పక్క ఊళ్ళో ఉండేది. సీట్లు లాటరీలో ఇచ్చేవారు. మా ఇంట్లో లాటరీ అంటే నాన్న వీసానే... దాని కోసం అమ్మ మొక్కని దేవుడు లేడు. అలాంటిది నా పేరు లాటరీలో వచ్చిందనగానే, ఇంకేమీ అడక్కుండా చేర్పించేసింది. అది ఏ భాష బడో ఇంటికొచ్చి కాగితాలు చూసుకున్నాక తెలిసింది. లాటరీలో వచ్చినదాన్ని వదులుకుంటే కళ్ళు పోతాయని ఆవిడ నమ్మకం.

నాకు మాత్రం ఆ బడంటే ప్రాణం. టీచర్ తిట్టినా పాట పాడినట్టే ఉండేది. మధ్యాహ్నం భోజనం దగ్గర ఎవరూ తొందరపెట్టేవారు కాదు. అక్కడ నేర్చుకున్న మర్యాద ప్రకారం ఇంట్లో దోసెను కూడా ఫోర్కు, చాకు పట్టుకుని కోసుకు తినేదాన్ని. నాన్న తల పట్టుకునేవారు.

అసలు చిక్కేమిటంటే... బడిలో నేర్పిన పద్యాలన్నీ పాట్‌లక్ జనాన్ని చూడగానే ఎగిరిపోయేవి. నోట్లో మిగిలేది ఒక్కటే, రోజూ పొద్దున్నే క్లాసంతా కలిసి గట్టిగా చదివే క్యాంటీన్ మెనూ. క్యారెట్ తురుము, చేప, బఠాణీలు, పెరుగు, ఆపిల్... దాన్నే చేతులు తిప్పుతూ, కళ్ళు అరమూస్తూ చెప్పేదాన్ని. పెరుగు దగ్గర గొంతు వణికించేదాన్ని. ఒక ఆంటీ కళ్ళు తుడుచుకున్న రోజు కూడా ఉంది.

థర్డ్ గ్రేడ్‌కి వచ్చాక నాన్న పట్టుబట్టారు. సెలవులయ్యాక నన్ను ఇంటి దగ్గరి బడికి మార్చాలట, సాయంత్రాలు మ్యాథ్ క్లాసుకి పంపాలట. మన వాళ్ళలో దీనితో ఫ్రెంచ్ మాట్లాడే మనిషిని ఒక్కరిని చూపించు, మాన్పించనన్నారు అమ్మతో. నేను అన్నం మానేసి అలిగినా లాభం లేకపోయింది.

ఆ వారమే శైలజ ఆంటీ ఇంట్లో పాట్‌లక్. యానాం నుంచి వాళ్ళ అత్తగారు రాజమణి మామ్మగారు వచ్చి ఉన్నారు. శాలువా కప్పుకుని సోఫా మూల కూర్చున్నారు. వచ్చినవాళ్ళంతా నమస్కారం పెట్టి, ఒంట్లో బాగుందా అని అడిగి, పకోడీల వైపు వెళ్ళిపోతున్నారు. పిల్లల అమెరికా తెలుగు ఆవిడకు అందదు, ఆవిడ గోదావరి తెలుగు పిల్లలకు అందదు.

నా వంతు వచ్చింది. ఎలాగూ ఇదే ఆఖరు కదా అని, పెరుగు దగ్గర గొంతు మామూలు కన్నా ఎక్కువే వణికించాను. చప్పట్లు మోగాయి. అవి ఆగాక, సోఫా మూల నుంచి చక్కని ఫ్రెంచ్‌లో ఒక ప్రశ్న వినిపించింది... నువ్వు బళ్ళో ఏం తిన్నావో చెబితే వీళ్ళు చప్పట్లెందుకు కొడుతున్నారమ్మా, అని.

వీళ్ళకు తెలియదనీ, తెలిస్తే నా బడి మాన్పించేస్తారనీ ఫ్రెంచ్‌లోనే గబగబా బతిమాలుకున్నాను. ఆవిడ ఇంకేదో అడిగారు, నేను ఇంకేదో చెప్పాను. నాన్న చేతిలోని పకోడీ నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

"అత్తయ్యా, మీకు ఫ్రెంచ్ వచ్చా?" అంది శైలజ ఆంటీ. యానాం ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉండేదనీ, తన చదువంతా ఆ భాషలోనే సాగిందనీ మామ్మగారు చెప్పారు... ఆవకాయ పెట్టడం వచ్చని చెప్పినంత తేలిగ్గా.

నాన్న గొంతు సవరించుకుని, మా అమ్మాయి పద్యం ఎలా ఉందండీ అని అడిగారు. నేను అమ్మ చున్నీ వెనక నక్కాను.

"కడుపు నిండిపోయిందయ్యా" అన్నారు మామ్మగారు.

ఆ తర్వాత నాన్నను దగ్గరికి పిలిచారు. "బడి మాన్పించేత్తావంట గదా. వద్దు నాయనా. ఈ దేశం వచ్చాక నిలబడి నాతో నాలుగు మాటలు మాట్టాడిన పిల్ల ఇదొక్కతే. శనివారాలు దీన్ని నా దగ్గరికి పంపు."

పెద్దవాళ్ళకు ఎదురు చెప్పడం నాన్నకు రాదు. పైగా ఆయన చూపించమన్న మనిషి ఎదురుగానే కూర్చుని ఉంది. అలాగేనండి అనేశారు. ఇంటికి వెళ్ళేదాకా అమ్మ కార్‌లో నవ్వుతూనే ఉంది.

అలా శనివారాలు మొదలయ్యాయి. అప్పటికి నా తెలుగు అన్నం కావాలి, హోంవర్క్ అయింది అనే మాటల దగ్గర ఆగిపోయేది. మామ్మగారు ఒక్కో తెలుగు మాట చెప్పి, అర్థం ఫ్రెంచ్‌లో విప్పి చెప్పేవారు. ఉట్టి, గంధపుసాన, గోరుముద్ద, చాదస్తం... చాదస్తానికి ఫ్రెంచ్ మాట దొరక్క, నన్ను దింపడానికి వచ్చిన నాన్నను చూపించారు. పళ్ళెంలో ఉప్మా రవ్వ పోసి అక్షరాలు దిద్దించారు. తప్పు రాస్తే ఫ్రెంచ్‌లో తిట్టేవారు, బాగా రాస్తే తెలుగులో మురిసిపోయేవారు.

పెద్దయ్యాక ఫ్రెంచ్ వల్ల నాకు మంచి ఉద్యోగమూ వచ్చింది. ఆ బడిలో వేసింది తనేనన్నట్టు నాన్న ఇప్పుడు అందరికీ చెప్పుకుంటారు. నన్నడిగితే మాత్రం... మీరు చదువుతున్న ఈ తెలుగంతా ఆ ఫ్రెంచ్ బడి పెట్టిన భిక్షే. మామ్మగారు యానాం వెళ్ళిపోయాక చాలాకాలం ఫోన్‌లో మాట్లాడుకున్నాం. ఇప్పుడు ఆవిడ లేరు. రెండు భాషలూ కలిపి నన్ను తిట్టేవాళ్ళు ఇంకెవరూ లేరు.

మొన్న ఒక పాట్‌లక్‌కి వెళ్ళాను. పిల్లలు ఒక గదిలో ఫోన్లతో, పెద్దవాళ్ళు ఇంకో గదిలో టీవీతో... ఎవరూ ఎవరితోనూ పద్యాలు చెప్పించడం లేదు. పెద్దావిడ ఒకరు కిటికీ దగ్గర ఒంటరిగా ఉన్నారు. పక్కన కూర్చుని, మీకు ఏమేం వచ్చండీ అని అడిగాను. అందరూ ఇళ్ళకు వెళ్ళిపోతున్నా ఆవిడ చెప్పడం అవలేదు...

మీ ఇంట్లో పెద్దావిడను ఎప్పుడైనా ఈ మాట అడిగారా? ఏం చెప్పారో కింద రాయండి... నేను చదువుతాను.