మా తోటికోడలు మైకు పట్టిన రోజు

మా ఊరి సర్పంచ్ సీటు ఆడవాళ్లకు రిజర్వయినప్పుడు మా మరిది తన భార్యతోని నామినేషన్ వేయించిండు. పోస్టర్ మీద ఫొటో మా తోటికోడలిది, మైకు మాత్రం మరిదిది. ఆడా మగా సమానమని, పంచాయతీ ఆఫీసుకు ర్యాంపు కట్టిస్తమని, అడవి మలుపు కాడి బస్సు స్టేజీకి లైట్లు పెట్టిస్తమని వాడవాడకూ చెప్పుకుంట తిరిగిండు. ర్యాంపు మాట వచ్చినప్పుడల్లా చెయ్యి నా దిక్కు చూపేటోడు. నాకు చిన్నప్పుడే పోలియో వచ్చింది. మూడు చక్రాల బండి మీద ప్రచారం వెంట తిరిగిన. ఆమె నా పక్కన అందరికీ దండం పెట్టుకుంట నడిచేది.

చివరి రోజు సాయంత్రం సెంటర్‌ల మీటింగ్. మరిది లైట్ల సంగతి ఎత్తుకున్నడో లేదో, అవతలి పార్టీ మనిషి ఒకాయన లేచి నవ్విండు.

"అడవి పక్క ఊరికి చీకటి కొత్తనా? ఆ స్టేజీ కాడ ఇన్నేండ్లల్ల ఎవరికేమైంది? ఒక్కరిని చూపెట్టు."

 మా తోటికోడలు వచ్చి మరిది చేతుల నుంచి మైకు తీసుకున్నది.

"నాకైంది," అన్నది.



"పోయిన వానకాలం. కొత్తగూడెంల షాపు పని చేసుకొని చీకటి పడ్డంక బస్సు దిగిన. ఎన్కనుంచి ఒకడు నోరు మూసి చెట్లల్లకు గుంజిండు. చెయ్యి కొరికి ఉరికొచ్చిన. వాడి మొఖం కనవడలే. లైటుంటే కనవడేది."

 ఒక్క ఇంట్ల ఉంటం, ఒక్క పొయ్యి మీద వండుకుంటం. ఆ రోజు బురద చీరతోని వచ్చి "జారి పడ్డనక్కా" అంటే మోచేతికి పసుపు పెట్టింది నేనే.  మైకు కోసం మరిది చాపిన చెయ్యి అట్లనే ఉండిపోయింది. నవ్విన మనిషి తల దించుకొని కూసున్నడు.

తెల్లారి కూర కోసుకుంట అడిగిన, "నాకన్నా చెప్పకపోతివేందే?"

"చెప్తే పని బంద్ చేపిస్తుంటిరి కదక్కా. నన్ను గుంజినోడేమో బయట తిరుగుతడు, నేను ఇంట్ల కూసోవాలె."

తలుపు కాడ నిలబడ్డ మరిది ఆ మాట విన్నడు. కాదనలే.

ఆమె గెలవలే. స్టేజీ కాడ లైట్లు కూడా ఇంకా రాలే. కానీ ఎలక్షన్ అయినంక ఊర్ల ఆడవాళ్లు ఒకరెన్క ఒకరు మా ఇంటికి రాబట్టిండ్రు. ఆమె పక్కన కూసొని, గొంతు తగ్గించి, తమకు ఎన్నడో జరిగినవి చెప్పుకునేటోళ్లు. ఒకనాడు పక్కింటి ముసలవ్వ వచ్చింది. పెండ్లి కాకముందు అడవికి బీడీ ఆకు కోతకు పోయిననాటి సంగతి చెప్పుకుంట, చిన్నపిల్ల లెక్క మా తోటికోడలి కొంగు పట్టుకున్నది.  కాపురానికొచ్చి ఇన్నేండ్లయినా, నేను ఏ ఊర్ల ఉంటున్ననో నాకు తెల్వనే తెల్వదు.