మూడు గంటల దూరం

ఆల్మా-అతా విమాన టిక్కెట్ల గదిలో కుల్పాష్ పక్క కుర్చీలో నేను పందొమ్మిదేళ్ళు కూర్చున్నాను. ఆమె ఎన్నడూ విమానం ఎక్కింది లేదు. ఎత్తులంటే భయం, మా ఇంటికొస్తే మూడో అంతస్తు బాల్కనీలోకి కూడా వచ్చేది కాదు. కానీ ఏ ఊరు ఎన్ని గంటలో కాగితం చూడకుండా చెప్పేది. మా పట్టికల్లో వేళలన్నీ మాస్కో గడియారానివి. వాటిని ఇక్కడి వేళకీ అక్కడి వేళకీ మార్చి, "మీరు దిగేసరికి వాళ్ళు టీ తాగుతుంటారు" అనేది. జనానికి అదే అర్థమయ్యేది.

ఓ అక్టోబరు ఉదయం ఒరాజ్‌బై అనే అరవయ్యేళ్ళ ట్రాక్టరు డ్రైవరు టెలిగ్రాం పట్టుకుని వచ్చాడు.

"షెవ్‌చెంకో ఊరికి ఎంతసేపు తల్లీ?"

"మూడు గంటలు అన్నయ్యా. రేపు పదకొండుకి ఎక్కితే, అక్కడి ఒంటిగంటకి దిగుతారు."

"మూడు గంటలేనా! రైలైతే?"

"మూడు రోజుల పైమాటే."

"అయితే రైలుకే పోతాలే. అన్నయ్యకి ఒంట్లో బాలేదట, అంతేగా."

కుల్పాష్ టెలిగ్రాం అడిగి తీసుకుంది. "అన్నకు బాగాలేదు, వెంటనే రా" అని ఉంది. కింద పంపినవాళ్ళలో అతని వదిన పేరు లేదు. నలుగురు పెద్దల పేర్లున్నాయి.

చావు కబురు మా వాళ్ళలో ఎవరూ సూటిగా చెప్పరు. పెద్దలు ఎదుట కూర్చుని, ఎక్కడినుంచో మొదలుపెట్టి, మెల్లగా అక్కడికి తీసుకురావాలి. పరాయివాళ్ళు నోరు జారకూడదు. ఆ నాలుగు పేర్లకు అర్థం ఆమెకు తెలిసింది. అతనికీ తెలుసనే అనుకుంటాను. రైల్లో ఉన్నన్నాళ్ళూ అతని మనసులో అన్న బతికే ఉంటాడు. కానీ రైలెక్కితే సమాధిలో పిడికెడు మన్ను వెయ్యడానికి అందుకోలేడు.

"అన్నగారు పెద్దవారా?"

"డెబ్బయ్యెనిమిది. అమ్మ పోయాక నన్ను వీపున మోసి పెంచాడు. ఒంటెలాంటి మనిషి, జలుబు కూడా ఎరగడు."

వెనక నుంచి ఒకావిడ అరిచింది. "ఏమ్మా, పెళ్ళి సంబంధం మాట్లాడుకుంటున్నారా? మేమూ ఊరెళ్ళాలి!"

"నీ విమానం నిన్నొదిలి పోతే నేను వెనక్కి పిలుస్తాలే, నిలబడు" అని, గొంతు తగ్గించి కుల్పాష్ అతనితో అంది. "అన్నయ్యా, రేపు మధ్యాహ్నం దాకా అయితే వాళ్ళు మీకోసం ఆగుతారు. మూడ్రోజులు ఆగలేరు."

అతను టెలిగ్రాం వెనక్కి తీసుకుని మడిచాడు.

"ఒంటిగంటకంటావు?"

"ఒంటిగంటకి."

"అప్పటికింకా వెలుతురుంటుందిగా."

"బోలెడుంటుంది" అంది. పొద్దుగుంకాక మా వాళ్ళు ఎవరినీ పూడ్చరు.

టిక్కెట్టు కాగితం ఆమే నింపింది.

"పెద్దలు చెప్పాల్సింది నువ్వు చెప్పేశావే!" అన్నాను తర్వాత.

"నేనేం చెప్పాను? రైలుకెన్ని రోజులో చెప్పాను" అంది. కానీ ఆ రోజంతా వేళలు తప్పు చెబుతూనే ఉంది.

రెండు వారాలకు ఒరాజ్‌బై వచ్చి కిటికీలోంచి పువ్వుల అచ్చు గుడ్డ మూరెడు ముక్క పెట్టాడు. నిండు వయసులో పోయినవారి అంత్యక్రియలకు వచ్చినవాళ్ళకే అలాంటి ముక్కలు పంచుతారు.

"నేను రాలేదు కదా అన్నయ్యా."

"వచ్చినవాళ్ళలో వదిన నీ పేరూ చేర్చింది. తీసుకో."