తమ్ముడి బండికి నాకు పడ్డ మార్కులు

పాతికేళ్ళుగా నేను హైస్కూలు పిల్లలకు లెక్కల్లో మార్కులు వేస్తున్నాను. నాకు మార్కులు వేసేవాళ్ళు కూడా ఎక్కడో కూర్చుని ఉన్నారన్న సంగతి ఇంటి లోనుకు వెళ్ళిన రోజున తెలిసింది.

కోటబొమ్మాళిలో బడికి దగ్గరగా చిన్న స్థలం కొన్నాం. రెండు గదులు, వంటిల్లు, పైకి మెట్లు. అంతకు మించి మా ఆవిడా నేనూ ఆశపడలేదు. జీతం పడే బ్యాంకుకే వెళ్ళాను. కొత్తగా వచ్చిన మేనేజరు గుంటూరు వైపు మనిషి. "రండి మాస్టారూ" అని కుర్చీ చూపించాడు. కంప్యూటరులో ఏదో చూసి, గొంతు సవరించుకున్నాడు.

"సార్, మీ క్రెడిట్ స్కోరు ఐదు వందల తొంభై ఒకటి."

"ఎంతకి?" అన్నాను అలవాటు కొద్దీ.

"తొమ్మిది వందలకి."

మనసులో లెక్క వేసుకున్నాను. అరవై ఐదు శాతం పైమాటే. "అయితే ఫస్టు క్లాసే కదండీ," అన్నాను.

అతను నవ్వలేదు. ఈ పరీక్షలో మార్కులు సున్నా నుంచి కాక మూడు వందల నుంచి మొదలవుతాయట. ఏడు వందల యాభై దాటితే మంచి కుర్రాడని లెక్క. ఆరు వందలు లేనివాడి దరఖాస్తును ఆయన పైకి పంపినా అది తిరిగొస్తుందట. దేశంలో ఎవరు ఎక్కడ ఏ అప్పు తీసుకున్నా, ఏ నెల వాయిదా ఏ రోజున కట్టినా, ఆ బ్యాంకులూ ఫైనాన్సు కంపెనీలూ ఆ వివరాలను క్రెడిట్ బ్యూరోలకు పంపుతాయి. వాళ్ళు వాటిని కూడి, తీసివేసి ఈ అంకె తయారు చేస్తారు.

"ఎలా కూడతారు?"

"అది వాళ్ళు చెప్పరు సార్."

సూత్రం చెప్పకుండా జవాబు మాత్రం రాసే పిల్లవాడికి నేను సగం మార్కులు కోసేస్తాను. ఆ మాట ఆయనతో అనలేదు. నేను తీసుకున్నవి ఒక స్కూటరు లోను, రెండు బంగారం లోన్లు. అన్నీ గడువుకు ముందే తీర్చాను. మరి తప్పెక్కడ జరిగిందని అడిగితే, "మీ రిపోర్టు మీరే తీసుకోవచ్చు సార్, ఏడాదికొకటి ఉచితం," అన్నాడు.

ఆ ముక్క విని బుద్ధిగా ఇంటికి వచ్చి ఉంటే బాగుండేది. ఈ ఒక్క బ్యాంకేనా అని పౌరుషంగా శ్రీకాకుళం వెళ్ళి మరో రెండు బ్యాంకుల్లో దరఖాస్తు పెట్టాను. రెండో చోట స్కోరు ఐదు వందల డెబ్భై రెండుకు దిగింది. అక్కడి గుమాస్తా జాలిపడి చెప్పాడు. అప్పుకోసం బ్యాంకులో అడిగిన ప్రతిసారీ వాళ్ళు మన రిపోర్టు తెరిచి చూస్తారట. అలా చూసినట్టు కూడా అందులో నమోదవుతుంది. ఎక్కువసార్లు చూస్తే, ఈ మనిషి అప్పు కోసం ఊరంతా తిరుగుతున్నాడని యంత్రం అనుమానిస్తుందట. అంటే ముగ్గురు డాక్టర్లకు చూపించుకున్నందుకు జ్వరం పెరిగిందన్నమాట.

రిపోర్టు డౌన్‌లోడ్ చేసుకుని మా ఆవిడా నేనూ ఫోనులోనే చదివాం. స్కూటరు ఉంది. బంగారం ఉంది. వాటి కింద నాలుగోది ఒకటి ఉంది. మోటారుసైకిలు లోను, శ్రీకాకుళంలోని ఒక ఫైనాన్సు కంపెనీ. నెలనెలకూ ఒక గడి, గడి నిండా ఎరుపు. చివర "రైటాఫ్" అన్న మాట. చిరునామా మాత్రం మా ఊరిదే, ఇంటి నంబరుతో సహా.

"మనకి మోటారుసైకిలెక్కడిదండీ?" అంది మా ఆవిడ. అని, తనే నా ముఖం వంక చూసింది. ఇద్దరికీ ఒకేసారి వెలిగింది.

మా చిన్నాన్న కొడుకుదీ నాదీ ఒకే పేరు. మా తాత పోయాక ఏడాది లోపే మేమిద్దరం పుట్టాం. ఇద్దరు కొడుకులూ తండ్రి పేరు పెట్టుకుంటామని పట్టుబట్టారు, పెట్టుకున్నారు. ఇంట్లో నేను పెద్దోణ్ణి, వాడు చిన్నోడు. మా నాయనమ్మ ఇద్దరినీ ఒకే రోజు బడికి పట్టుకెళ్ళింది. పుట్టిన తేదీలు అడిగితే, "పెద్దోడు వరికోతలప్పుడండి, సిన్నోడు మామిడిపళ్ళప్పుడండి," అందట. హెడ్మాస్టరు గారికి ఆ పంచాంగం అర్థం కాలేదు. ఇద్దరికీ జూలై ఒకటి వేసి, సంవత్సరం కూడా ఒకటే వేసేశారు. మా నాన్నా చిన్నాన్నా వేరుపడినప్పుడు ఇంటి మధ్యలో గోడ లేచింది గానీ పంచాయతీ పుస్తకంలో నంబరు ఒకటే ఉండిపోయింది. పేరొకటి, ఇంటిపేరొకటి, పుట్టినరోజొకటి, ఇంటి నంబరొకటి. ఇక యంత్రానికి మేం వేరని అనుకోవడానికి కారణమేముంది?

తమ్ముడు స్లాబులకు సెంట్రింగు కట్టే మేస్త్రీ. ఆదివారం బస్సెక్కి, వాడు పని చేస్తున్న చోటుకు ఎచ్చెర్ల వెళ్ళాను. ఇనుప రేకుల మీద కూర్చుని అంబలి తాగుతున్నాడు. సంగతంతా చెప్పాను.

"ఆ బండేటి?" అన్నాడు వింతగా. "దాన్ని ఆళ్ళే అట్టుకుపోనారు కదన్నా. కాలిరిగి మంచం మీదున్నాను, నాలుగు వాయిదాలు కట్టనేకపోనాను. ఇద్దరొచ్చి తాళం అడిగినారు. ఇచ్చీసినాను. ఇంకేటి బాకీ?"

"బండి అమ్మగా వచ్చింది సరిపోయుండదురా. మిగిలింది రైటాఫ్ అని రాసుకున్నారు."

"అంటే కొట్టీసినట్టే కదా?"

"ఆళ్ళ లెక్కలోంచి కొట్టీసుకున్నారు. మన నెత్తి మీంచి కాదు. అదిప్పుడు నా నెత్తి మీదున్నాది."

గ్లాసు కడిగి బోర్లించాడు. "నీకిలగవుతాదని నాకేటి తెలుసన్నా," అన్నాడు.

వాడి కాలు విరిగినప్పుడు నేను డజను బత్తాయిలు పట్టుకెళ్ళి చూసి వచ్చాను. ఇల్లెలా గడుస్తోందిరా అని అడగలేదు. తిరుగు బస్సులో ఆ మాట గుర్తొచ్చింది. కానీ అప్పటికి నా బాధంతా నా స్కోరు గురించే.

బ్యూరో వాళ్ళ వెబ్‌సైటులో ఫిర్యాదు పెట్టాను. "ఈ ఖాతా నాది కాదు" అన్న గడి ఉంది. చాలామందికి ఇలా జరుగుతుంటే తప్ప దానికంటూ ఒక గడి కట్టరు కదా అని కొంచెం ధైర్యం కూడా వచ్చింది. మూడు వారాలకు జవాబు వచ్చింది. మీ ఫిర్యాదు అప్పిచ్చిన కంపెనీకి పంపాం, వివరాలు సరైనవేనని వారు ధ్రువీకరించారు, కాబట్టి మార్పు లేదు. అంతే. రాసినవాడు ఒప్పుకుంటే తప్ప బ్యూరో ఒక్క అక్షరం కూడా దిద్దదట. దొంగతనం జరిగిందని ఫిర్యాదు ఇస్తే, దొంగను పిలిచి నువ్వేనా అని అడిగి, కాదన్నాడు కాబట్టి కేసు మూసేశాం అన్నట్టుంది.

ఫైనాన్సు కంపెనీకి వెళ్ళాను. కౌంటరులో ఉన్న అమ్మాయి, "మా దగ్గర కరెక్టుగానే ఉన్నాది సార్, కలిపింది బ్యూరో వాళ్ళు," అంది. బ్యూరోకు ఫోను చేస్తే, వివరాలు పంపింది కంపెనీ అన్నారు. నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగాక ఆ అమ్మాయే ఒక దారి చెప్పింది. మీరూ ఆయనా వేరువేరు మనుషులని తహసీల్దారు కార్యాలయం నుంచి సర్టిఫికెట్ తెమ్మంది.

తహసీల్దారు కార్యాలయంలో గుమాస్తా నా పాత విద్యార్థి తండ్రి. నమూనా కాగితాల కట్టంతా వెతికాడు. "రెండు పేర్లున్నోడు ఒకడేనని ఇవ్వడానికి మాకు నమూనా ఉన్నాది మాస్టారూ. ఒకే పేరున్న ఇద్దరు ఇద్దరేనని ఇవ్వడానికి నేదు," అన్నాడు. కాసేపు ఆలోచించి, సాయం చేసే ఉద్దేశంతోనే, "మీ ఇద్దరూ ఒకటేనని కావాలంటే ఇయ్యాలే ఇప్పించీగలను," అన్నాడు.

ఇక మిగిలింది ఒకటే ఉపాయం. తమ్ముణ్ణి ఒక రోజు పని మానిపించి, ఫైనాన్సు కంపెనీకి పట్టుకెళ్ళాను. ఆ రోజు కూలి నేనిస్తానంటే వాడు వద్దన్నాడు. బ్రాంచి మేనేజరు ముప్పై నిండని కుర్రాడు. అతని బల్ల ముందు ఇద్దరం పక్కపక్కన నిలబడ్డాం. నేను బట్టతల, కళ్ళజోడు. వాడు నాకంటే జానెడు ఎత్తు, ఎండకు నల్లబడిన మనిషి. మేనేజరు మమ్మల్ని చూశాడు, తెర చూశాడు, మళ్ళీ మమ్మల్ని చూశాడు.

"సిస్టంలో ఒక్కరే చూపిస్తున్నాది సార్," అన్నాడు ఇబ్బందిగా.

"అయితే మాలో ఎవులున్నట్టు, ఎవులు నేనట్టు బాబూ?" అని అడిగాడు మా తమ్ముడు.

అది వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. ఆ కుర్రాడు లేచి లోపలికి వెళ్ళి, బీరువా తెరిపించి, అసలు దరఖాస్తు తెప్పించాడు. అందులో తమ్ముడి ఫొటో, తమ్ముడి సంతకం ఉన్నాయి. పాన్ నంబరు ఉండాల్సిన చోట ఖాళీ. తండ్రి పేరు ఉండాల్సిన చోట ఒక అడ్డగీత. ఆ గీత గీసినవాడు ఎవడో గాని, నా ఆరు నెలలు ఆ గీతలో పోయాయి. చిన్నాన్న పేరు రాసి ఉంటే ఇంత కథ ఉండేది కాదు.

కాగితం దొరికాక పని కదిలింది. ఇద్దరి ఆధార్లు, ఇద్దరి పాన్ కార్డులు, దరఖాస్తు నకలు, వాటితో పాటు నా వాంగ్మూలం ఒకటి, దాని కింద సాక్షిగా తమ్ముడి సంతకం కావాలన్నారు. వాంగ్మూలం నమూనా వాళ్ళే టైపు చేసి ఇచ్చారు. నేను గబగబా సంతకం పెట్టి వాడి చేతికిచ్చాను. వాడు ఏడో తరగతి దాకా చదివాడు. ఏది చదివినా వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదువుతాడు.

"సదరు వ్యక్తితో నాకు ఎట్టి సంబంధమూ లేదు," అని పైకి చదివాడు. తల ఎత్తాడు. "నీకూ నాకూ సమ్మందం నేదని రాసినావేటన్నా?"

"లోనుతో సంబంధం లేదనిరా."

"లోననిక్కడ నేదు. వ్యక్తి అని ఉన్నాది."

కొట్టేయించి మళ్ళీ టైపు చేయించాలంటే కౌంటరు మూసే వేళైంది. మళ్ళీ రావాలంటే నాకొక సెలవు, వాడికొక కూలి. ఇవన్నీ ఆ క్షణాన నాకు చాలా పెద్ద కారణాలుగా కనిపించాయి. "అది వాళ్ళ భాషరా, పట్టించుకోకు," అన్నాను. పదో తరగతి పిల్లలకు ప్రతి మాటకూ ఒక్కటే అర్థం ఉండాలని చెప్పే నేనే అన్నాను. వాడు సంతకం పెట్టాడు. దారిలో టీ తాగుదామంటే పనుందని వెళ్ళిపోయాడు.

రెండో ఫిర్యాదు పెట్టాను. ముప్పై రోజుల్లో తేల్చాలని, దాటితే రోజుకు వంద రూపాయలు మనకివ్వాలని నిబంధన ఉంది. ఆ సంగతి వాళ్ళెవరూ చెప్పలేదు, మా బడిలో సైన్సు మాస్టారు చెప్పాడు. ముప్పై ఒకటో రోజున నిబంధనను గుర్తు చేస్తూ లేఖ రాశాను. నలభై ఒకటో రోజున ఎర్రగడులు మాయమయ్యాయి. తర్వాత వారానికి నా ఖాతాలో పదకొండు వందలు పడ్డాయి. నన్ను ఆరు నెలలు ఎగవేతదారుగా లోకానికి చూపించినందుకు ఎవరూ క్షమించమనలేదు గాని, పదకొండు రోజుల ఆలస్యానికి మాత్రం లెక్క తప్పలేదు.

స్కోరు ఏడు వందల ముప్పై ఎనిమిది అయింది. ఏడు వందల యాభై కాలేదేమని అడిగితే, ఈ మధ్య ఎక్కువ చోట్ల అప్పు అడిగారు కదా సార్ అన్నారు. నా లోను మంజూరైంది, పావు శాతం ఎక్కువ వడ్డీతో.

నెల తిరక్కుండా తమ్ముడు ఇంటికి వచ్చాడు. కాంక్రీటు కలిపే మిషను కొనడానికి ఒక చిన్న కంపెనీ వాడికి లోను ఇస్తానందట. మా ఇద్దరి లెక్కా కలిసి ఉన్నప్పుడు చూసి ఇచ్చిన మాట అది. నా స్కూటరూ నా బంగారమూ వాడి పేరున మంచి మార్కులుగా నిలబడ్డాయి. ఇప్పుడు విడదీశాక వాడి లెక్కలో మిగిలింది ఆ బండి ఒక్కటే. కాలు విరిగిన నాలుగు నెలలు, ఎర్రగా. మంచం మీదున్నాడని రాసే గడి ఆ రిపోర్టులో ఎక్కడా లేదు. కంపెనీ మాట మార్చేసింది.

"నీ మార్కులు నువ్వట్టుకుపోనావు," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. బండి బాకీలో సగం నేను కడతానన్నాను. "నా బాకీ నాను కట్టుకుంతాన్లే అన్నా," అని లేచాడు. బండికి అప్పిచ్చిన కంపెనీతో మాట్లాడుకుని విడతల మీద కడుతున్నాడని తర్వాత చిన్నమ్మ వల్ల తెలిసింది.

మా స్లాబు పనికి వస్తాడో రాడో అనుకున్నాను. వారం ముందే వచ్చి సెంట్రింగు కట్టాడు. స్లాబు పోసే రోజు తెల్లవారకముందే పది మందితో దిగాడు. సెంట్రింగులోంచి ఒక్కచోట కూడా కాంక్రీటు కారలేదు. సాయంత్రం పని అయ్యాక మా ఆవిడ భోజనం పెట్టింది, తిన్నాడు. మా ఇంట్లో ఏ పని చేసినా తన వంతు కూలి తీసుకోని మనిషి, ఆ రోజు మొత్తం లెక్క చెప్పి పైసాతో సహా తీసుకున్నాడు. జేబులోంచి ఒక నోటు పుస్తకం తీసి, రసీదు రాయమన్నాడు.

"నాకెందుకురా రసీదు?" అన్నాను.

"నీక్కాదు, నాకు. కూలి ఇచ్చినోడి పేరు, తీసుకున్నోడి పేరు, రెండూ రాయి. ఇద్దరి తండ్రుల పేర్లు కూడా రాయి," అన్నాడు.

రాశాను. మా నాన్న పేరు, చిన్నాన్న పేరు పక్కపక్కన. వాడు వేలు పెట్టి ప్రతి మాటా చదువుకుని, ఆ కాగితం చించి మడిచి జేబులో పెట్టుకుని, కుర్రాళ్ళను ట్రాక్టరు ఎక్కించి వెళ్ళిపోయాడు. తడి స్లాబు మీద నీళ్ళు ఎప్పుడెప్పుడు పెట్టాలో మా ఆవిడకు చెప్పి వెళ్ళాడట. నాకు చెప్పలేదు.