తొడ దగ్గర తెగిన పోగు

1943 ఎండాకాలంలో నన్ను పంజాగుట్ట దగ్గరి ఒక తోటబావికి ఈత ఉస్తాదుగా వేశారు. చెరువుల్లో మునిగినవాళ్లను బయటికి తీసే దళానికి మనుషులను తయారుచేయడం నా పని. నేను నీళ్లలో దిగితే కప్పలు గట్టెక్కి సలాం కొట్టేవని అమీర్‌పేటంతా చెప్పుకునేది. మొదట చెప్పింది నేనే అనుకోండి.

పరీక్ష ఒకటే. ఇరవై గజాల బావిని నాలుగుసార్లు అడ్డంగా ఈదాలి. చేతులు వేసిన లెక్క ఎనభై దాటకూడదు. దళపు జమేదారు గట్టున నిలబడి లెక్కపెడతాడు. దాటితే పేరు కొట్టేస్తాడు.

నర్సయ్య సిద్దిపేట వైపు నేతగాడు. యుద్ధంలో నూలు దొరక్క మగ్గం ఆగిపోతే భార్య రాజవ్వతో అమీర్‌పేట చేరాడు. దళంలో దొరికింది కచ్చా నౌకరి. పరీక్ష గెలిస్తేనే పక్కా. మూడురోజులే గడువుంది. అతని లెక్క తొంభై దగ్గర ఆడుతోంది.

లోపం నాకు తెలుసు. చేయి ముందు నీటిని పట్టి, పొట్ట కిందుగా తొడ దాకా వెనక్కి నెట్టాలి. మనిషిని ముందుకు తోసేది ఆ చివరి జానెడే. నర్సయ్య చేయి నడుము దగ్గరే ఠక్కున ఆగి పైకి లేచేది. మగ్గం మీద పోగుల మధ్య అటూ ఇటూ నాడెను పంపడానికి తాడు గుంజి వదిలే చేయి అది.

"జర తొడ దాక పోనియ్యి భాయ్!"

"పోనిస్తనే ఉన్న ఉస్తాద్. గది ఆడనే ఆగుతది."

కూర్చోలేను, నిలబడలేను. రెండురోజులు బావి చుట్టూ తిరిగి చెప్పులు అరగదీశాను. రెండోరోజు మధ్యాహ్నం సద్ది తెచ్చిన రాజవ్వ నన్ను చూసి నవ్వింది.

"గట్ల ఒర్రితే ఇంటడా? తెగిన పోగు కనవడితే మాత్రం అన్నం సుత తినడు. ముడేసినంకనే ముద్ద."

మర్నాడు అతని రెండు తొడలకూ నూలు కట్టి, కొసలు తెగినట్టు వదిలాను. బొటనవేలు ప్రతిసారీ కొసను వెతుక్కుంటూ వెళ్లింది. అది తగలగానే మోచేయి ముందు లేచి, జేబులోంచి తీసినట్టు చేయి తేలిగ్గా బయటికొచ్చేది.

పరీక్షనాడు జమేదారు పోగులు చూశాడు. "ఏందివి, తాయెత్తులా? తీసెయ్!"

నర్సయ్య రెండూ తెంపి పడేసి దూకాడు. నేను పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టి, భయమేసి నోరు మూసుకున్నాను. పోగులు లేకపోయినా బొటనవేళ్లు తొడ దాకా వెళ్తూనే ఉన్నాయి. డెబ్బై ఆరు. నౌకరి పక్కా.

"ఉస్తాద్, మీ లెక్క సుత చూద్దాం," అన్నాడు జమేదారు. మీసం దువ్వి దూకాను. ఎనభై మూడు!

కారణం నర్సయ్యే చెప్పాడు. "తొడ దాటినంక నీళ్లు మీదికి చల్లుతున్నరు ఉస్తాద్. గది బంద్ పెట్టున్రి." నిజమే. చూసేవాళ్ల కోసం చిమ్మేవాణ్ణి. చిమ్మినప్పుడల్లా నడుము కిందికి దిగి, ఈత బరువెక్కేది.

ఆ తర్వాత కొత్తగా ఎవరొచ్చినా ముందు పాత పనేమిటో అడిగేవాణ్ణి. నా లెక్క మాత్రం ఇంకొకరితో పెట్టించేవాణ్ణి. చేయి తొడ దగ్గర పని ముగించి బయటికి రావాలి. అంతకు ముందే వచ్చినా, ఆ తర్వాత కూడా నీళ్లు నెట్టినా శ్రమ దండగ.