రాణి చేతిలో కత్తి ఉండకూడదట

ఒళ్లు మండిపోతోంది. ఈ రోజు మా తెలుగు సంఘం వాళ్లు పిల్లలకు బొమ్మ చూపించి మాట్లాడించే పోటీ పెట్టారు. ఢిల్లీలోనే పుట్టి పెరిగిన మా ఎనిమిదేళ్ల పాప ధైర్యంగా స్టేజీ ఎక్కి, "రాణి చేతిలో కత్తి ఉంది" అంది. జడ్జిగారు అక్కడే ఆపేశారు.

"కత్తి వంటింట్లోదమ్మా. రాణి పట్టుకుంటే ఖడ్గం అనాలి. మార్కులు తగ్గిస్తున్నా."

నేను ఊరుకోలేదు. "అంకుల్, కత్తి అచ్చ తెలుగు మాట. ఖడ్గమే సంస్కృతం నుంచి వచ్చింది. కత్తిసాము అంటాం కదా, అదేమైనా వంటింట్లో చేస్తారా?"

"ఇంటి మాటలు స్టేజీ మీద పనికిరావు" అన్నారాయన.

తిరిగి వస్తుంటే ఆటోలో పాప అడిగింది, "మమ్మీ, అగలీ బార్ హిందీ మే బోలూఁ?" వచ్చేసారి హిందీలో మాట్లాడనా అని.

మీరైతే ఆయనకేం చెప్పేవారో కింద రాయండి. దానిచేత తెలుగు మాట్లాడించడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. మాన్పించడానికి ఆయనకు ఒక్క నిమిషం చాలింది.