సుడిగాలికి పోసిన నీళ్లు

ఇట్టా వచ్చి కూర్చో చిన్నా, ఆ కిటికీ మూసేసి. కాళ్లు ఊపకుండా నేను చెప్పేది సరిగ్గా విని రాయి. చూడు, ఒక్క గాలికే నోట్లో ఇసుక కరకరమంటోంది. ఇట్లా ఇసుక పంటికి తగిలితే చాలు, తొండియార్‌పేటలో నా చిన్నప్పటి మా పక్కింటి రాజమ్మత్త గుర్తొస్తుంది నాకు.

మా వీధి సముద్రానికి దగ్గర. ఎండాకాలంలో దుమ్ము సుడి తిరుగుతూ వచ్చేది. గొంతులో నీళ్లు పోసేవాళ్లు లేకుండా చచ్చిపోయినవాళ్లే దాహంతో అలా తిరుగుతారని, మూడుసార్లు ఉమ్మి చెప్పు చూపిస్తే మన గడప తొక్కరని పిల్లలమైన మాకు నేర్పింది రాజమ్మత్తే. ఆమె ఉమ్మితే వీధి చివరిదాకా వినిపించేది. మేము పడీ పడీ నవ్వేవాళ్లం.

ఒక తుఫానులో చేపల వేటకు పోయిన ఆమె భర్త తిరిగి రాలేదు. పడవా దొరకలేదు, మనిషీ దొరకలేదు. నెలలు గడిచాక కర్మ చేయించమని చుట్టాలు చెప్పి చూశారు. ఆమె వినలేదు. రోజూ పూలు పెట్టుకునేది, ఆయనకూ కంచం పెట్టేది.

"ఏ ఊరి రేవులోనో ఉండాడు. వొస్తాడు," అనేది.

సుడిగాలి వస్తే మాత్రం మునుపటికంటే గట్టిగా ఉమ్మేది. ఆయన అందులో లేడని తనకు తానే చెప్పుకునేదని నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

మరుసటి ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం ఒక సుడి నేరుగా వచ్చి ఆమె గడప ముందే తిరుగుతూ నిలబడింది. నేను అలవాటుగా ఉమ్మి, కాలి చెప్పు తీసి విసిరాను. సరిగ్గా మధ్యలో పడింది. అత్త చెంబుతో బయటికొచ్చింది. ఉమ్మలేదు. వంగి, ఆ దుమ్ములో మెల్లగా నీళ్లు పోసింది. సుడి చెదిరిపోయింది.

"ఆ చెప్పు తీసుకో పాపా," అంది. "ఆయనకి తగిలుంటాది."

తిట్టి ఉంటే బాగుండేది. సాయంత్రానికి ఆమె నుదుట బొట్టు లేదు. తీయమని ఎవరూ అనలేదు. నేను చెప్పు విసిరేదాకా ఆయన బతికే ఉన్నాడని, నా వల్లే పోయాడని ఎన్నేళ్లు కుమిలిపోయానో. ఆమె పోయేదాకా ఆ మాట అడగలేకపోయాను.

అప్పటినుంచి దేన్నీ ఉమ్మి తరమలేదు చిన్నా. సుడి ఎదురైతే పక్కకు జరిగి దారి ఇస్తాను. అది ఎవరి మనిషో, ఏ ఇంట్లో ఎవరు ఇంకా... ఆ, వస్తున్నానమ్మా, అన్నం వడ్డించెయ్. లే చిన్నా, మీ అమ్మ పిలుస్తోంది.