ఊదా మచ్చ కుందేలు

ఆ రోజుల్లో నాకు నా చేతుల మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా ఉండేది కాదేమో. ఈ మాట మనుబోలులో మా చర్చి అయ్యగారి చెవిన పడి ఉంటే నాకోసం ప్రత్యేక ప్రార్థన పెట్టించేవారు. కానీ అది నిజం. మద్రాసులో ఏడాది శిక్షణ తీసుకుని, అరవైల మొదట్లో నెల్లూరులో ఒక ఆసుపత్రి లాబరేటరీలో చేరాను. వచ్చినవాళ్ల జ్వరం టైఫాయిడా కాదా అని రక్తం చూసి తేల్చడం నా పని. నా పనిలో తప్పు పట్టినవాళ్లు లేరు. పట్టబోయినవాళ్లను నేను ఊరికే వదిలిపెట్టలేదు.

మా పరీక్షలకు కావలసిన సీరం, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే తేట, బయటనుంచి రావాలంటే నెలలు పట్టేది. అందుకని లాబరేటరీ చూసే డాక్టరమ్మ ఆసుపత్రి వెనక కుందేళ్లను పెంచేది. చంపిన టైఫాయిడ్ క్రిములను కుందేలు చెవి నరంలోకి ఎక్కిస్తే, వాటిని పట్టుకునే ప్రతిరక్షకాలు దాని రక్తంలో పుడతాయి. అవి ఎంత ఉన్నాయో చూడటానికి ఒక వరుస గాజు గొట్టాలు పెట్టేదాన్ని. మొదటి గొట్టంలో సీరం చిక్కగా ఉంటుంది, రెండో దాంట్లో అందులో సగం, మూడో దాంట్లో అందులో సగం. అన్నిట్లోనూ క్రిములు కలిపిన నీళ్లు పోసి వెచ్చగా ఉంచితే, ప్రతిరక్షకాలు ఉన్నచోట క్రిములు పాలు విరిగినట్టు గుంపులు కట్టి అడుగుకు దిగుతాయి. ఎంత పలచటి గొట్టం దాకా విరిగితే రక్తం అంత బలమైనది.

కుందేళ్లను చూసుకునే ఆయన విడవలూరు వైపు మనిషి. యాభై దాటాయి. పొద్దున్నే కుందేళ్ల మేతకు బస్సు మీద పిల్లిపెసర గడ్డి మోపు వేసుకుని వచ్చేవాడు. నేను ఆయనను అన్నా అనేదాన్ని. రక్తం తీసే రోజున ఒక్కో కుందేలును తువ్వాలులో చుట్టి లాబరేటరీలోకి తెచ్చి, నా బల్ల పక్కనే నిలబడి, అది బెదరకుండా పట్టుకునేవాడు. అన్నీ తెల్ల కుందేళ్లే కాబట్టి, గుర్తు కోసం పుళ్లకు రాసే ఊదా మందుతో వీపు మీద మచ్చలు పెట్టేవాడు. ఒకటో కుందేలుకు ఒక మచ్చ, రెండో దానికి రెండు, అలా.

మా ఆసుపత్రిలో ఒక ఆనవాయితీ ఉండేది. రక్తంలో బలం తగ్గి పరీక్షకు పనికిరాకుండా పోయిన కుందేళ్లను క్రిస్మస్ ముందు సిబ్బందికి కూరకు పంచేవారు. ఆ డిసెంబరులో పాతవి ఐదు ఉన్నాయి. ఐదింటి రక్తమూ నేనే చూశాను, మొదటి గొట్టంలో కూడా ఏమీ విరగలేదు. నాలుగు కూరకు వెళ్లాయి. ఐదోది చచ్చిపోయిందని ఆయన చెప్పాడు. చచ్చినదాన్ని ఎవరు అడుగుతారు? నా వాటాకు వచ్చిన మాంసం మిరియాలు దట్టించి వండుకున్నాం. బాగుందని కూడా అన్నాను.

జనవరిలో కొత్తవి ఆరు వచ్చాయి. ముందుగా ఆరింటి రక్తమూ చూశాను, ఎందులోనూ ఏమీ లేదు. తరవాత సూది వేశాం. కొత్త కుందేలుకు మొదటి సూది వేసిన నాలుగో రోజుకు రక్తంలో దాదాపు ఏమీ కనిపించదు. వారం పదిరోజులకు గాని నాలుగైదు గొట్టాలు విరగవు. నాలుగో రోజున ఐదు కుందేళ్లు అలాగే ఉన్నాయి. మూడు మచ్చల కుందేలు రక్తం మాత్రం వరుసలో చివరి గొట్టం దాకా విరిగింది.

డాక్టరమ్మ గొట్టాలను వెలుతురుకు పెట్టి చూసింది. "గొట్టాలు సరిగ్గా కడగలేదు నువ్వు" అంది. నాకు ఒళ్లు మండింది. మళ్లీ కడిగి, ఉడికించి, మళ్లీ చేశాను. అదే ఫలితం. మూడోసారీ అదే. "శనివారం దాకా చూస్తాను. అప్పటికీ ఇంతే అయితే నువ్వు చీటీలు రాసే గదిలో కూర్చో. చేయి కుదరని మనిషి రోగుల రక్తం చూడకూడదు" అంది డాక్టరమ్మ. ఆమె అన్నదాంట్లో అన్యాయం లేదు. కానీ చీటీల గది అంటే నేను నేర్చుకున్నదంతా నీళ్లలో కలిసినట్టే. నా బల్ల పోతుందన్న భయంతో నాకు అన్నం సయించలేదు.

ఆ భయం ఎవరి మీదో ఒకరి మీద విరుచుకుపడాలి కదా. మర్నాడు ఆయన కుందేలును తువ్వాలులో చుట్టుకుని లోపలికి వచ్చాడు. ఆయన కాళ్ల మట్టి నేల మీద పడింది. అన్నా అనలేదు ఆ రోజు. "గడ్డి మోసే మనిషికి ఈ గదిలో ఏం పని? నీ మురికే నా గొట్టాల్లోకి వస్తున్నట్టుంది. గుమ్మం బయటే ఉండు" అన్నాను. బయట బెంచీ మీద రోగులు ఉన్నారు. ఆయన కుందేలును నా చేతికిచ్చి, గుమ్మం దాటి, తన అడుగుల మట్టిని తువ్వాలుతో తుడిచి వెళ్లాడు.

శుక్రవారం ఆ కుందేలు రక్తం మళ్లీ తీయబోయాను. కొత్తవాటికి కుడి చెవిలోనే పొడిచాం. ఇది మాత్రం నా చేయి చూడగానే ఎడమ చెవిని వీపుకు అణిచిపెట్టి ముఖం తిప్పుకుంది. ఆ చెవిని విప్పి చూశాను. నరం పొడవునా గట్టిపడిన పాత పొడుపులు. పోయినేడు నేను పొడిచినవే. చచ్చిపోయిందన్న ఐదో కుందేలు ఇదే.

నాకు కోపమూ సంతోషమూ ఒక్కసారే వచ్చాయి. నా చేయి తప్పు కాదు, మోసం చేసింది ఆయన. చెప్పేస్తే నా బల్ల నాకు దక్కుతుంది. ఆయన పని ఏమవుతుందన్న ఆలోచన ఆ క్షణంలో నాకు రాలేదని ఒప్పుకోవాలి. గబగబా డాక్టరమ్మ గదికి వెళ్లాను. ఆయన అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు.

"ఆ యమ్మను చీటీల గదికి పంపిస్తారంట గదమ్మా. తప్పు ఆ యమ్మది గాదు, నాది" అంటున్నాడు. "వానలప్పుడు గూట్లోకి నీళ్లొచ్చి పిల్లలు చచ్చిపొయినాయి. ఈ తల్లి కుందేలు మూణ్ణాళ్లు మేత ముట్టలా. నా చేతినుంచే నాలుగు ఆకులు తినింది. దాన్ని కూరకి ఇయ్యలేకపొయినా. చచ్చిందని అబద్ధం చెప్పినా. కొత్తవి ఆరొస్తే ఒకటి తెల్లారేసరికి చచ్చి ఉండాది. ఆడ దీన్ని పెట్టి మూడు మచ్చలేసినా. నన్ను పన్లోనించి తీసెయ్యండి. ఆ యమ్మను మాత్రం ఏమనబాకండి."

డాక్టరమ్మ నన్ను కుందేళ్ల ఫలితాలు రాసే పుస్తకం తెమ్మంది. ఆ కుందేలు డిసెంబరు రక్తం చూసింది, జనవరి రక్తం చూసింది. రెండుసార్లూ ఏమీ లేదు.

"రక్తంలో ప్రతిరక్షకాలు అయిపోయినా, వాటిని తయారుచేయడం నేర్చుకున్న కణాలు ఒంట్లో ఉండిపోయాయన్నమాట" అంది పుస్తకం మూసి. "అదే క్రిమి మళ్లీ కనబడగానే పని మొదలుపెట్టాయి. కొత్తవాటికి పది రోజులు పట్టేది దీనికి నాలుగు రోజులు. పుస్తకాల్లో చదివాను గాని, నేను మాత్రం చేసిందేమిటి? రక్తం ఖాళీ అయితే కుందేలు ఖాళీ అనుకున్నాను. మనం తిన్న నాలుగూ ఇలాంటివే."

ఆయనను పనిలోనుంచి తీయలేదు. కుందేలు చస్తే ముందు తనకు చెప్పాలని గట్టిగా మందలించింది. పాత కుందేళ్లను కూరకు పంచడం ఆగిపోయింది. వాటికి రెండో సూది వేసి మంచి సీరం తీశాం. నా బల్ల నాకు మిగిలింది. ఆయన కాపాడిన బల్ల అది. ఆ మాట ఆయనతో ఆ రోజే అనాల్సింది. సిగ్గు అడ్డం వచ్చింది, రేపు చెబుదామనుకున్నాను. మూడేళ్లు గడిచాయి.

ఆయన పని మానుకునే రోజున అందరికీ చెప్పిపోవడానికి వచ్చాడు. తెల్ల పంచె కట్టుకుని, కొత్త చెప్పులు గుమ్మం పక్కన విడిచి నిలబడ్డాడు. నేను లేచి దగ్గరకు వెళ్లాను. "అన్నా, ఆ రోజు నోటికొచ్చినట్టు అన్నాను. నన్ను క్షమించు" అన్నాను.

"అయ్యన్నీ ఏనాడో మర్చిపోయినానమ్మా" అని నవ్వాడు.

"అయితే లోపలికి రా. కాసేపు కూర్చో."

ఆయన కిందికి చూసుకున్నాడు. ఆ మూడేళ్లూ ప్రతి కుందేలునూ గుమ్మం బయటినుంచే నా చేతికి అందించాడని నాకు అప్పుడు తట్టింది.

"వద్దులేమ్మా. కాళ్లకు మట్టి ఉండాది" అన్నాడు.

ఆయన కాళ్లకు మట్టి లేదు.